కట్టె గంట పలుకు

కాపురానికి వచ్చిన మూడో రోజున సుధామణి అత్తను ఒక మాట అడిగింది. వసారా వాసానికి తాడుతో ఒక చెక్క వస్తువు వేలాడుతోంది. పైన ఇరుకు, కింద వెడల్పు, జానెడు పొడవు.

"అత్తా, గిదేంది?"

"ఆవు మెడల కట్టే గంట. పగిలింది. ఇంక పలకదు."

"కట్టెతోని గంటనా? లోపల ఏముంటది?"

భద్రమ్మ కోడలి వంక చూసింది. మూడు రోజుల్లో ఈ పిల్ల ఎన్ని ప్రశ్నలు అడిగిందో ఆమెకు లెక్క తప్పింది. "ఏముంటది? ఏం ఉండదు. ఏం లేకుంటనే పలుకుతది."

ఆ జవాబు సుధామణికి వింతగా తోచింది. ఆమెకు తెలిసిన చెక్కడమంతా పైపైనే.

ఆమె పుట్టింది నిర్మల్‌లో. తండ్రి పొనికి కర్రతో బొమ్మలు చేసేవాడు. పొనికి మెత్తటిది. గోరు గుచ్చినా గుంట పడుతుంది. సీతాఫలం, జామకాయ, జింక, చిలక. చెక్కిన బొమ్మకు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పూసి, ఆరబెట్టి, రంగు వేస్తే అది కర్ర అని ఎవరూ అనరు. ఇంట్లో ఆడవాళ్ళకు రంగులు, మగవాళ్ళకు ఉలి. కానీ తండ్రికి కళ్ళు మండిన రోజుల్లో చిలకల ముక్కులు సుధామణే చెక్కేది. ఒక్క పేడు ఎక్కువ లేచిపోతే చిలక కాకి అవుతుంది. తండ్రి అట్టముక్కతో కత్తిరించిన కొలతను ఆ ముక్కు మీద ఆనించి చూసేవాడు. నూరో చిలక మొదటి చిలకలాగే ఉండాలి. కొన్నవాడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని తేడా పట్టలేకపోవాలి. పనితనం అంటే అదేనని ఆ ఇంట్లో అందరూ నమ్మారు. ఆమె కూడా నమ్మింది.

అత్తవారి ఊరు తర్లగూడలో కర్ర వేరు, దాని అవసరాలు వేరు. మామ కాశయ్య ఊరి వడ్రంగి. నాగళ్ళు, ద్వారబంధాలు, బండి చక్రాలు చేసి చేసి ఆయన అరచేతులు బల్లచెక్కల్లా అయ్యాయి. కోడలు వచ్చేనాటికి నాగళ్ళ స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. తలుపులు ఇనుపవి అయ్యాయి. ఆ ఇనుప తలుపులు చేసేది కాశయ్య కొడుకే, సుధామణి భర్త చక్రి. భోపాలపట్నంలో వెల్డింగ్ షాపు పెట్టుకుని పొద్దున్నే బండి మీద వెళ్ళి చీకటి పడే వేళకు వచ్చేవాడు. కాశయ్యకు చివరికి మిగిలింది గంటలు. అడవిలోకి గొడ్లను తోలేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి.

ఒక మధ్యాహ్నం కాశయ్య కునుకు తీసి లేచేసరికి కోడలు ఆయన ఉలి పట్టుకుని ఒక గంట వీపును నునుపు చేస్తోంది. మామను చూసి లేవబోయింది.

"కూసో," అన్నాడాయన. కాసేపు చూశాడు. "ఉలిని నెట్టకు. కట్టె ఎటు పొమ్మంటదో అటు పో."

"కట్టె చెప్తదా మామా?"

"చెప్తది. నువ్వు అడుగుడు ఆపితే ఇనవడతది."

అప్పటినుంచి గంటల పైభాగం ఆమెది. లోపలి పని మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. గంట దాదాపు పూర్తయ్యాక దాన్ని తువ్వాలలో చుట్టుకునేవాడు. గంట అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని వాగు వైపు పోయేవాడు. మళ్ళీ సాయంత్రమే రావడం. వచ్చినప్పుడు జీలుగు కల్లు వాసన వచ్చేది.

"గంట ఇచ్చుడు ఒక సాకు," అనేది భద్రమ్మ. "పోయేది ఆ చెట్టు కిందికే."

రెండేళ్ళ కింద వానాకాలంలో కాశయ్య జ్వరంతో పోయాడు. ఉలులు, బాడిస, సుత్తె ఒక గోనె సంచిలో మిగిలాయి. అటక మీద గుమ్మడి టేకు ముక్కలు రెండు మిగిలాయి. గంటకు ఆ కట్టే కావాలి, అదీ నాలుగేళ్ళు నీడలో ఆరాలి.

ఆ తర్వాత సుధామణి ఉలి పట్టలేదు. చూడటం మాత్రం మానలేదు. పక్కింటి నందే కాల్చిన చాకుతో సొరకాయ బుర్రల మీద చేపలు, చుక్కలు గీసేది. పచ్చి చర్మం కాలిన చోట నల్లబడి గీత నిలిచేది. సుధామణి ఆ పొగలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ చూసేది. "లోపలికంట పోదా?" అని అడిగేది. "పోతే నీళ్ళు కారిపోతయి. తోలు మీదనే నిలవాలె," అని నందే నవ్వేది. రోడ్డు పక్కన, పోయినవాళ్ళ కోసం పాతిన కొయ్య స్తంభాల మీద పులి ఉండేది, నెమలి ఉండేది, ఒకదాని మీద మోటార్ సైకిల్ ఉండేది. ఆ బండి చక్రాలకు ఆకులు ఎన్ని చెక్కారో ఆమె బస్సు దిగి లెక్కపెట్టింది. బస్సు ఆమెను వదిలి వెళ్ళిపోయింది.

ఒకసారి చక్రి బచేలి ఇనుప గనుల దగ్గర పని చూసుకుని వచ్చి చెప్పాడు. "ఆడ కొండనే చెక్కుతుండ్రు. మెట్లు మెట్లుగ. కిందికెల్లి చూస్తే లారీ చీమలెక్క కనవడ్డది."

"చెక్కి తీసింది కావాల్నా వాళ్ళకు, మిగిలింది కావాల్నా?"

"తీసిందే. మిగిలిందాంతోని ఏం పని?"

ఆ రోజంతా ఆమె దాని గురించే ఆలోచించింది. తన తండ్రికి మిగిలింది కావాలి, తీసింది పొయ్యిలోకి పోయేది. అక్కడ తీసింది కావాలి. మామకు మాత్రం రెండూ కాదు. ఆయన చెక్కింది ఆ నడుమ ఖాళీని.

వానలు వెనకబట్టి వరి పొట్టకొచ్చిన రోజుల్లో, ఒక ఉదయం, వాకిట్లో కర్ర చప్పుడైంది.

"వడ్లోల్ల కోడలా, ఉన్నవా?"

మాసే. వాగవతలి దొర్ల గూడెం మనిషి. డెబ్బై దాటి ఉంటుంది. కళ్ళకు వెలుతురూ నీడా తప్ప ఏమీ ఆనవు. బీజాపూర్ డాక్టర్ చూసి, నరం ఎండిపోయింది, ఆపరేషన్‌తో రాదు అని చెప్పాడు. అయినా ఆమె పదకొండు గొడ్లను రోజూ అడవికి తోలుకుపోతుంది. ఎర్రావు ముందు నడుస్తుంది. దాని మెడలో కాశయ్య చేసిన గంట. మంద ఎక్కడికి పోయినా మాసే ఆ పలుకు పట్టుకుని పోయి మళ్ళేస్తుంది.

"గంట పోయింది బిడ్డా. వాగు దాటంగ తాడు తెగింది. నీళ్ళల్ల కొట్టుకపోయింది."

ఆరు రోజులుగా మంద తన దారిన తాను వస్తోంది. నిన్న పటేల్ వరిమడి గట్టు తొక్కింది. పటేల్ ఇంటికి వచ్చి చెప్పిపోయాడు: ఈ సంత కాదు, వచ్చే వారం బజార్ రోజు దాకా చూస్తాం, ఆ తర్వాత ఫసల్ ఇల్లు చేరేదాకా మాసే గొడ్లను భీమా మందలో కలపాలి.

"కలపనీ అవ్వా. భీమా మంచోడే గదా?"

"మంచోడే. పంట కోసినంక కూడ మంచోడే. ముసల్దానికి ఎందుకు కష్టమని ఇంక నాకియ్యడు." మాసే అరుగు తడుముకుని కూర్చుంది. "నా కాళ్ళు నడుస్తున్నయి. చెవులు ఇనవడతయి. ఇంట్ల కూసుంటే ఏం చెయ్యాలె నేను? గోడను ఇనాల్నా?"

"మామ పని నాకు రాదవ్వా. లోపల ఎట్ల తొలవాలో ఆయన చూపియ్యలే."

"కాశయ్య చెప్పిండు నాకు. మా కోడలుకు నోరెక్కువ గని చేతులు నయమే అని."

భద్రమ్మ లోపలి నుంచి పకపకా నవ్వింది. సుధామణి నిచ్చెన వేసి అటక ఎక్కింది.

బజార్‌కు ఎనిమిది రోజులుంది. నిర్మల్‌లో నేర్చినదే ఆమెకు దారి చూపింది. నమూనా కావాలి. ఊళ్ళో కాశయ్య గంట పగలకుండా ఉన్నది భీమా ఆవు మెడలోనే. భీమా నలభై ఏళ్ళవాడు, మాసేకు అక్క కొడుకు వరస. అడగ్గానే గంట విప్పి ఇచ్చాడు. సుధామణి పైన దారంతో కొలిచింది. అట్టముక్కలు కత్తిరించింది. లోపలి ఖాళీ ఎంతో తెలియడానికి గంటను తిరగేసి నిండా బియ్యం పోసి, ఆ బియ్యాన్ని ఒక గిన్నెలో గుర్తు పెట్టుకుంది. నాలుగు రోజులు తొలిచింది. బియ్యం పోసి చూసింది, మళ్ళీ తొలిచింది. చివరికి గింజ తేడా లేకుండా సరిపోయింది. బయట రెండు పక్కలా చెక్క నాలుకలు వేలాడదీసి ఊపింది. భీమా గంటనూ ఊపింది. కళ్ళు మూసుకుంటే ఏది ఏదో తెలియలేదు. తండ్రి ఉంటే వీపు తట్టేవాడు.

భీమా గంట తిరిగి ఇచ్చేసి, కొత్తదానికి ఇప్పనూనె రాసి మాసేకు ఇచ్చింది.

మాసే చెవి దగ్గర ఊపి చూసింది. "బాగనే ఉంది బిడ్డా," అంది. తర్వాత మెల్లగా, "దగ్గర్ల అన్నీ బాగనే ఉంటయి."

ఆ మాటలో ఏదో ఉందని సుధామణికి అనిపించింది. కానీ సంతోషంలో ఉన్న మనిషికి అడగాలని గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దు వాలే వేళ నందే పరుగెత్తుకు వచ్చింది. "రా సుదా, జల్ది రా. మాసే అవ్వ దొంగయింది!"

గూడెంలో మాసే వాకిలి నిండా గొడ్లు. మాసే ఒక ఆవు వీపు మీద, కొమ్ముల మీద చేతులు పెట్టి తడుముతోంది. ఆమె ముఖం వాడిపోయి ఉంది. భీమా దడికి ఆనుకుని నవ్వుతున్నాడు.

"చిన్నమ్మా, అడిగితే ఇయ్యకపోదునా? పద్నాలుగు గొడ్లను ఒక్కసారే ఎత్తుకొస్తివి."

"నీ గొడ్లకు సిగ్గు లేదురా. ఎవరు తోలితే వాళ్ళెంట వస్తయి."

"గొడ్లను ఎందుకంటవు? నా గంట, నీ గంట ఒక్క తల్లి పిల్లలెక్క కూస్తున్నయి. కండ్లున్న నాకే తెలుస్తలేదు."

మాసే సొంత మంద అప్పటికే పటేల్ మడిలో ఉంది. పొట్టకొచ్చిన వరి రెండు సాళ్ళు పోయింది. భీమా నవ్వు ఆపి వాటిని తోలుకు రావడానికి వెళ్ళాడు. పటేల్ కేకలు వేయలేదు. మాసే దగ్గరికి వచ్చి, "బజార్‌కు ఇంక మూడు దినాలు. అంతే," అని పోయాడు.

సుధామణి గంట విప్పింది. నునుపుగా, తప్పు లేకుండా ఉంది. దాని తప్పు అదే.

ఇంటికి వస్తే చక్రి విషయం విని, "ఒక్క పూటల ఇనుపది చేసిస్త. ఏడు ఊర్లకు ఇనవడతది," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మర్నాడు పొద్దున్న మాసే వచ్చి అరుగు మీద కూర్చుంటే సుధామణి ఆ మాట చెప్పింది. మాసే తల అడ్డంగా ఊపింది.

"ఇనుము దగ్గర్ల అరుస్తది. చెట్ల నడుమకు పోయినంక సస్తది. కట్టెదే దూరం నడుస్తది."

సుధామణి ఈసారి ఊరుకోలేదు. "అవ్వా, మొన్న దగ్గర్ల అన్నీ బాగనే ఉంటయంటివి. ఎందుకన్నవు? మామ నీకు గంట ఇచ్చిన రోజు ఏమైంది? మొదటికెల్లి చెప్పు."

"ఏమైతది? నన్ను వాగవతలికి తోలిండు. బొంగుల నడుమ నిలబడమన్నడు. అందరి మందలను సుట్టూ మేపమన్నడు. ఆయన ఈ దిక్కు కూసోని ఒక్క పేడు తీసుడు, ఊపుడు. ఇంకొక్క పేడు తీసుడు, ఊపుడు. ఏ మందలో కలవకుండ, నాదొక్కటే ఏరుగ ఇనవడేదాక నేను 'ఇంక' అని కూతవెట్టాలె."

"పొద్దంతనా?"

"పొద్దంత. ఎవ్వరి గంటకైన గంతే. గొడ్డుగల్లోడు చెప్పందే కాశయ్య ఉలి ఆపడు."

ఈ సంగతి విన్న భద్రమ్మ చేతిలో చాట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "నలభై ఏండ్లు కల్లుకే పోతుండనుకుంటి గదా!"

"కల్లుకు కూడ పోయెటోడు," అంది మాసే. "అది పనైనంక."

అటక మీద ముక్క ఒకటే ఉంది. అది పాడైతే ఇంకొకటి ఆరడానికి నాలుగేళ్ళు. పటేల్ ఇచ్చినవి మూడు రోజులు, అందులో ఒకటి మొదలైపోయింది. సుధామణి ఆ రోజూ మర్నాడూ పైభాగం చెక్కింది. లోపల బొటనవేలు మందాన గోడలు ఉంచి ఆపింది. ఈసారి అట్టముక్క కొలతలు లేవు, బియ్యం లేదు.

మూడో రోజు పొద్దున వాగు ఒడ్డున పరుపుబండ మీద కూర్చుంది. నందే మాసే చెయ్యి పట్టుకుని మోకాలి లోతు నీళ్ళు దాటించి వెదురు పొదల్లోకి తీసుకుపోయింది. మాసే గొంతు అంత దూరం రాదు, కూత నందే వేయాలి. భీమా తన మందను పొదల అటు పక్కకు తోలాడు. మరో ఇంటివాళ్ళ మంద కింది ఒడ్డున మేస్తోంది.

సుధామణి గంటను ఊపింది. పైగొంతుతో టకటకమంది, గొడ్డలి దెబ్బలా.

"ఇంక!" అని నందే కూత.

వంపు ఉలి లోపలికి పోనిచ్చి ఒక పేడు తీసింది. ఊపింది. పలుకు రవ్వంత కిందికి దిగింది.

"ఇంక!"

గోడ పలచనయ్యే కొద్దీ పలుకు లావవుతోందని ఆమెకు అర్థమైంది. ఏ వైపు తీస్తే ఎంత దిగుతుందో చెవి నేర్చుకుంటోంది. ఆమె జీవితంలో మొదటిసారి కొలత లేకుండా, చేతి కింద ఏముందో చూడకుండా చెక్కుతోంది. చూడటానికి అక్కడ ఏమీ లేదు. ఉలి కొస చీకట్లో ఉంది.

పొద్దెక్కింది. ఒకసారి ఊపినప్పుడు పలుకు మారింది. నీళ్ళలో గులకరాయి దొర్లినట్టు, అంత నిండుగా. ఇంతకంటే బాగుండదు. ఉలి పక్కన పెట్టింది.

"ఇంక!"

"అవ్వను సరిగ్గ ఇనమను!" అని సుధామణి అరిచింది.

కాసేపటికి జవాబు వచ్చింది. "భీమా దాంట్ల కలిసిపోతుందంట! ఇంకా తియ్యాలంట!"

ఆమె గంట లోపల బొటనవేలు, బయట చూపుడువేలు పెట్టి గోడను నలిపి చూసింది. రెండు వేళ్ళ మధ్య దోసె మందం కూడా లేదు. ఒక చోట కట్టె నార అడ్డం తిరిగి ఉంది. అక్కడ ఉలి జారితే గోడ చీలిపోతుంది. ఇక్కడితో ఆపితే ఊళ్ళో అందరికంటే అందమైన గంట తన చేతిలో ఉంటుంది, మాసే ఇంట్లో కూర్చుంటుంది.

నార తిరిగిన చోటు వదిలి ఎదుటి గోడ మీద ఉలి ఆనించింది. నెట్టలేదు. మణికట్టు బరువు మాత్రమే ఇచ్చింది. పొట్టు చుట్ట చుట్టుకుని ఊడింది. ఇంకొకటి. ఇంకొకటి.

ఊపింది. పలుకు బొంగురుపోయింది. జలుబు చేసిన గొంతులా ఉంది. అందం పోయింది.

అవతలి నుంచి కూత లేదు.

మళ్ళీ ఊపింది. కూత లేదు. గోడ మరీ పలచనై పలుకు వాగు కూడా దాటడం లేదేమో. ఆమె లేచి నిలబడి, ఆగకుండా ఊపింది.

వెదురు పొదలు కదిలాయి. మాసే బయటికి వచ్చింది. చేతిలో కర్ర లేదు. వెనక నందే, "ఆగవ్వా, పడతవు!" అంటూ వస్తోంది. మాసే ఆగలేదు. నీళ్ళలో దిగింది. పొద్దున తడబడుతూ దాటిన చోటే, ఇప్పుడు ముఖం కొంచెం పక్కకు తిప్పి, చెవి ముందు పెట్టుకుని, తిన్నగా నడిచి వచ్చింది. భీమా మంద గంట వెనకా, కింది ఒడ్డు మంద గంట పక్కనా మోగుతూనే ఉన్నాయి. ఆమె చెయ్యి చాపి సుధామణి చేతిలోని గంటను పట్టుకుంది.

"పాతది గిట్ల లేకుండె," అంది.

సుధామణి ఉలి అందుకుంది.

"గిది బొంగురుగుంది. ముసలి మేకలెక్క."

"మరి ఎట్లవ్వా? ఇంకొక్క పేడు తీసి చూడనా?"

"ఇయ్యి ఆ ఉలి ఇటు." మాసే తడుముకుని ఉలి లాక్కుంది. "కాశయ్య కూడ గిట్లనే. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనెటోడు. ఏరుగ ఇనవడ్డది బిడ్డా. ఇంకెవ్వరిది కాదు. ఇంకేం కావాలె?"

ఆ మధ్యాహ్నమే ఎర్రావుకు గంట కట్టారు. అది చిరాగ్గా తల విదిలించింది, చెట్టుకు మెడ రుద్దుకుంది. మర్నాడు బజార్. కొందరు సంచులతో రోడ్డెక్కారు. పటేల్ పోలేదు. సాయంత్రం దాకా వరిమడి గట్టు మీద నిలబడ్డాడు. మాసే మంద అడవి నుంచి గట్టు పక్కగా వచ్చింది. వెనక మాసే. పదకొండు. పటేల్ లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు.

"అదేం గంట, గట్ల దగ్గుతున్నది?" అన్నాడు.

"నాది," అంది మాసే, ఆగకుండా.

భీమా మందలో గొడ్లు కలపాలన్న మాట మళ్ళీ రాలేదు.

రెండు రోజుల తర్వాత సుధామణి వాగు దాటి వెదురు పొదల్లోకి వెళ్ళింది. ఆమెకు పనేమీ లేదు. మాసేకు ఏం వినిపిస్తుందో వినాలని ఉంది. దూరంగా మూడు మందల గంటలు కలగలిసి వస్తున్నాయి. కళ్ళు మూసుకుంది. తాను చేసిన బొంగురు గొంతును ఏరుకుని, చేతులు ముందుకు చాపి దాని వైపు నడిచింది. పది అడుగుల్లో అది తప్పిపోయింది. వెదురు గణుపు మోకాలికి తగిలింది.

"ఎవరది? దున్నపోతులెక్క ఆకులు తొక్కుతుంది?" మాసే గొంతు, ఎక్కడో దగ్గరలోనే.

"నేనే అవ్వా. సుధామణిని. గంట ఇందామని."

"అడుగేసుకుంట ఇంటే నీ అడుగే ఇనవడతది. నిలవడు."

ఆమె నిలబడింది. ఆకుల చప్పుడు ఆగింది. తన ఊపిరి చప్పుడు కూడా కాసేపటికి తగ్గింది. అప్పుడు గంట పలికింది, ఆమె అనుకున్న దిక్కున కాదు, బాగా ఎడమకు.